లోన్ తీరాక బతుకుతానంటున్న చెల్లికి

ముందు ఉత్తరం సంగతి చెప్పేస్తా, లేకపోతే నేను దేనికి జవాబిస్తున్నానో చదివేవాళ్లకి అర్థం కాదు. రాసినావిడకి 34 ఏళ్లు. చాలా పెద్ద ఉత్తరం, కాస్త తగ్గించి ఇస్తున్నా.

"అక్కా, చదువైపోతే చాలు అనుకున్నా, అయింది. ఉద్యోగం వస్తే చాలు అనుకున్నా, వచ్చింది. పర్మనెంట్ అయితే ఇంక హాయి అనుకున్నా, అదీ అయింది. ఇప్పుడు లోన్ తీరాలి, ఇంకో రెండేళ్లు. ఆరేళ్లుగా ఒకే అద్దింట్లో ఉంటున్నా, సామాన్లు తెచ్చిన అట్టపెట్టెలు మూడు ఇప్పటికీ విప్పలేదు, ఎలాగూ ఖాళీ చేసేదే కదా అని. వయొలిన్ నేర్చుకోవాలని కాలేజీ రోజుల నుంచీ ఉంది. నా ఫ్రెండ్ వాళ్లింటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచిందో లెక్కలేదు, కాస్త ఫ్రీ అయ్యాక వస్తా అంటూనే ఉన్నా. మొన్న గిన్నెలు తోముతుంటే వాన మొదలైంది, పక్కింటి రేకుల మీద పడే చప్పుడు వింటూ పావుగంట అలాగే నిలబడిపోయా, తర్వాత టైమంతా వేస్ట్ చేశానని నన్ను నేనే తిట్టుకున్నా. అందరూ ప్రెజెంట్‌లో బతకమంటారు, ఫోన్‌లో మెడిటేషన్ యాప్ కూడా పెట్టుకున్నా, కళ్లు మూసుకుంటే వడ్డీ లెక్కలే కనబడుతున్నాయి. ఇంకో రెండేళ్లు ఓపిక పడితే అన్నీ సెట్ అవుతాయి, అప్పుడు మొదలుపెడతా. అంతే కదా? లేక నేనేమైనా తప్పు చేస్తున్నానా?"

అక్కా అన్నావు కాబట్టి నేను నువ్వు అనే అంటా, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మొదటిసారి చదివినప్పుడు నాకూ అనిపించింది, పాపం రెండేళ్లే కదా, ఓపిక పట్టమందాం అని. రెండోసారి చదువుతుంటే ఒక ప్రశ్న తగులుకుని ఇంక వదల్లేదు. వయొలిన్‌కీ లోన్‌కీ ఏంటి సంబంధం? వయొలిన్ కొనాలంటే డబ్బు కావాలి, సరే, కానీ నువ్వు డబ్బు చాలక ఆగానని ఎక్కడా రాయలేదు. అట్టపెట్టెలు విప్పడానికి బ్యాంకువాళ్ల పర్మిషన్ అక్కర్లేదు. ఫ్రెండ్ ఇంటికి వెళ్లడానికి నో డ్యూస్ సర్టిఫికెట్ చూపించక్కర్లేదు. వీటిలో ఏదీ లోన్ మీద ఆధారపడి లేదు, నువ్వే తీసుకెళ్లి ఒక్కొక్కటీ దాని కింద తాకట్టు పెట్టావు. బ్యాంకు అడిగింది మహా అయితే ఇంటి కాగితాలో జీతం స్లిప్పులో అయ్యుంటాయి, ఆదివారాలు అడగలేదు కదా.

నువ్వు చేస్తున్న తప్పు ఇదొక్కటే అనుకుంటా నేను. ఎదురుచూడటం తప్పు కాదు. అసలు ఎదురుచూడకుండా ఎవరం బతకం, విత్తనం వేసినవాడు మొలక కోసం చూడాల్సిందే, పరీక్ష రాసినవాడు రిజల్ట్ కోసం చూడాల్సిందే. ఎదురుచూసే దానికి సంబంధం లేనివన్నీ కూడా దానికే కట్టేసి కూర్చోవడం ఉంది చూడు, అక్కడే వచ్చింది చిక్కు.

ఇంకో సంగతి, నీ కేసుకి సాక్ష్యం నీ ఉత్తరంలోనే ఉంది, నేను ఎక్కడికో వెళ్లి తేనక్కర్లేదు. చదువు, ఉద్యోగం, పర్మనెంట్, లోన్, ఇలా వరసగా రాశావు. ప్రతిసారీ అనుకున్నది అయింది, ప్రతిసారీ గీత ఇంకాస్త ముందుకి జరిగింది. జరిపింది ఎవరో కాదు, నువ్వే. అంటే లోన్ తీరిన రోజున కూడా నువ్వు ఖాళీగా ఉండవు, సాయంత్రంలోపు ఇంకోటి దొరుకుతుంది, సొంతిల్లనో ఆరోగ్యం కాస్త కుదుటపడాలనో. ఎందుకంటే మనిషికి ఏది అలవాటైతే దానిలోనే చెయ్యి తిరుగుతుంది కదా, నువ్వు పదిహేనేళ్లుగా ప్రాక్టీస్ చేసింది వాయిదా వెయ్యడం, అందులో ఇప్పుడు నువ్వు విద్వాంసురాలివి. చివరి కిస్తీ కట్టిన మర్నాడు పొద్దున్న లేచేసరికి ఆ విద్య మర్చిపోతావని నువ్వు అనుకుంటున్నావేమో, నేను అనుకోవట్లేదు.

ఇక్కడ ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఇలాంటి ఉత్తరాలకి జవాబు రాసేవాళ్లు చాలామంది, డబ్బులో ఏముందమ్మా, లోన్ తీరినా నీకు పెద్ద తేడా తెలీదు అంటారు, దానికి 1978లో సైకాలజిస్టు ఫిలిప్ బ్రిక్‌మన్ వాళ్లు చేసిన లాటరీ స్టడీని పట్టుకొస్తారు, లాటరీ తగిలినవాళ్లు మామూలువాళ్లకంటే పెద్ద సంతోషంగా ఏమీ లేరని. నిజమే, అందులో అలాగే తేలింది, కానీ ఆ లాటరీ విజేతలు మొత్తం 22 మంది. ఒక బస్సు కూడా నిండరు. తర్వాత స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్లని చాలా పెద్ద ఎత్తున పరిశీలించి 2020లో అచ్చేసిన పేపర్లో, పెద్ద మొత్తం వచ్చినవాళ్లకి జీవితం మీద సంతృప్తి పెరిగిందనీ, పదేళ్లు దాటినా అది తగ్గలేదనీ రాశారు. రోజువారీ సంతోషం మీద మాత్రం దాని ప్రభావం బాగా తక్కువ. కాబట్టి లోన్ తీరితే నీ గుండె మీద బరువు నిజంగానే దిగుతుంది, నేను కాదనను, దిగాలి కూడా. నువ్వు నెలనెలా తప్పకుండా కడుతున్నావు చూడు, అది తెలివైన పనే. కానీ అప్పు తీరి వెనక్కి చూసుకుని హమ్మయ్య అనుకోవడం ఒకటి, మంగళవారం సాయంత్రం ఆరింటికి నీకు ఎలా ఉంటుందన్నది ఇంకోటి. రెండోది లోన్ ఇచ్చేది కాదు, తీసుకెళ్లేదీ కాదు.

సరే, ఇప్పుడు అసలు విషయం, మనం ఎందుకు ఇలా చేస్తాం?

నాకు తోచింది చెప్తా, నీకు కోపం రావచ్చు. ఎదురుచూడటంలో ఒక సుఖం ఉంది. వయొలిన్ ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి నువ్వు అది బాగా వాయించలేవని ఇంకా ఎవరికీ తెలీదు, నీక్కూడా తెలీదు. మనసులో మాత్రం బ్రహ్మాండంగా వాయిస్తూ ఉంటావు. మొదలుపెట్టిన మొదటి వారం దాన్లోంచి వచ్చేది తలుపు కిర్రుమన్న చప్పుడు, 34 ఏళ్ల వయసులో పక్కన పదేళ్ల పిల్ల నీకంటే బాగా వాయిస్తూ ఉంటుంది, దాన్ని భరించాలి. ఇది ఇంకా అసలు జీవితం కాదు, రిహార్సలే అనుకుంటే ఎంత హాయో చూడు, రిహార్సల్లో తప్పులు లెక్కలోకి రావు. ఇల్లు బోసిగా ఉందా, పర్లేదు ఇది అసలు ఇల్లు కాదు. స్నేహాలు పల్చబడ్డాయా, పర్లేదు అసలు టైం ఇంకా రాలేదు. ఇలా ప్రతిదానికీ ఒక సాకు రెడీగా ఉంటుంది, ఆ సాకు పోతే చలిలో దుప్పటి లాగేసినట్టు ఉంటుంది కాబట్టే మనం దాన్ని గట్టిగా పట్టుకుంటాం.

నీ విషయంలో ఇంకోటి కూడా ఉందనిపిస్తోంది. అప్పున్నవాళ్లు నవ్వకూడదన్నట్టు ఉంది నీ ఉత్తరం. పావుగంట వాన చప్పుడు విన్నందుకు నిన్ను నువ్వు తిట్టుకున్నావు! ఆ పావుగంటలో వడ్డీ ఏమైనా పెరిగిందా? నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయా, ఎందుకంటే ఆరేళ్ల లెక్క మొత్తం రాసుకొచ్చిన ఉత్తరంలో నువ్వు నిజంగా ఉన్నది ఆ ఒక్క చోటే. మిగతా అంతా అయ్యాక, వచ్చాక, తీరాక. అక్కడ మాత్రం రేకులున్నాయి, చప్పుడుంది, నీ చేతిలో గిన్నె ఉంది. యాప్ పెట్టుకుని కళ్లు మూసుకుని వెతుకుతున్నది అదే, ఏ యాప్ లేకుండా వచ్చి నీ పక్కన నిలబడితే దాన్ని టైం వేస్ట్ అని తరిమేశావు.

మాథ్యూ కిలింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అని ఇద్దరు సైకాలజిస్టులు, 2010లో అచ్చేసిన స్టడీ కోసం 2,250 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజులో ఎప్పుడు పడితే అప్పుడు పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు, ఎలా ఉంది అని అడిగారు. దాదాపు సగం సార్లు, కచ్చితంగా చెప్పాలంటే 46.9 శాతం, మనసు చేస్తున్న పని మీద లేదు. అది పెద్ద వింతేం కాదు, అందరికీ తెలిసిందే. నాకు ఆశ్చర్యం వేసింది ఏంటంటే, మనసు ఏదో మంచి విషయం మీదకి పోయినప్పుడు కూడా వాళ్లు చేస్తున్న పనిలో ఉన్నప్పటి కంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. అంటే నువ్వు గిన్నెలు తోముతూ రెండేళ్ల తర్వాతి జీవితాన్ని ఊహించుకుంటే నీకు అదనంగా ఒరిగేదేమీ లేదు, వాన వింటూ తోముకున్నా నష్టం లేదు. వడ్డీ లెక్కలేసుకుంటూ తోమితే మాత్రం అంతకంటే అధ్వాన్నం.

కాబట్టి మెడిటేషన్ రాలేదని బాధపడకు. కొందరికి కళ్లు మూసుకుంటే కుదురుతుంది, కొందరికి చేతిలో పనుంటేనే కుదురుతుంది, నువ్వు రెండో రకం అయ్యుంటావు. మళ్లీ అలా నిలబడిపోతే తిట్టుకోకుండా ఉండు చాలు, అంతకంటే నేను చెప్పేదేం లేదు దాని గురించి.

నా కథ ఒకటి చెప్పనా, నవ్వుకోవడానికి పనికొస్తుంది. నాకు ఈత నేర్చుకోవాలని ఉండేది, పిల్లలు కాస్త పెద్దయ్యాక అనుకున్నా. పెద్దయ్యారు. వాళ్ల చదువులు ఒక కొలిక్కి వచ్చాక అనుకున్నా. వచ్చాయి. ఇంక రేపే వెళ్లి చేరదాం అనుకునేసరికి కుడి భుజం పట్టేసింది, జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు, ఏడాది పైగా దాంతోనే సరిపోయింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు వెళ్తున్నా, కానీ ఆ చెయ్యి పూర్తిగా తిరగదు, దాంతో నేను నేరుగా కాకుండా ఒక పక్కకి ఒరిగిపోతూ ఈదుతా, మొదట్లో పక్క లైనువాళ్లని గుద్దేస్తుంటే వాళ్లే నాకు చివరి లైను వదిలేశారు. బాగుంటుంది నాకు. కాకపోతే నీళ్లలో ఉన్నప్పుడల్లా ఒక ఆలోచన వస్తుంది, నేను వాయిదా వేసింది ఈతని అనుకున్నా, నిజానికి ఆ భుజాన్ని వాయిదా వెయ్యడం నా చేతిలో లేదు కదా అని.

అదేంటంటే మనం తర్వాత చేస్తాంలే అన్నప్పుడు ఆ తర్వాత కూడా ఇదే మనిషి ఉంటాడనుకుంటాం. 18 ఏళ్ల వాళ్ల నుంచి 68 ఏళ్ల వాళ్ల దాకా 19,000 మందికి పైగా మనుషుల్ని అడిగి చూసిన స్టడీ ఒకటి 2013లో వచ్చింది, అందులో ఏ వయసువాళ్లని అడిగినా గత పదేళ్లలో మేము చాలా మారాం అంటారు, రాబోయే పదేళ్లలో మాత్రం పెద్దగా మారం అంటారు. ఇష్టాలు, అభిరుచులు, స్నేహాలు, అన్నిట్లోనూ అదే వరస. వయొలిన్ కోసం తహతహలాడుతున్నది ఇప్పటి నువ్వు. రెండేళ్ల తర్వాత వచ్చే ఆవిడకి అసలు సంగీతం మీద ఇష్టం ఉంటుందో ఉండదో, నువ్వు ఆవిడ కోసం దాచిపెడుతున్నావు, ఆవిడ వచ్చి ఇదెవరిది అని అడిగితే?

ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్తా. నేను క్షణంలో బతుకు, ఈ రోజే ఆఖరి రోజనుకో లాంటివి చెప్పను. ఈ రోజే ఆఖరి రోజనుకుంటే ఎవడైనా కిస్తీ కడతాడా, అట్టపెట్టె విప్పుతాడా, అది అస్సలు పనికొచ్చే సలహా కాదు. నేను చెప్పేది దానికి ఉల్టా. నీ సరదాలకి గడువు పెట్టు.

వినడానికి వింతగా ఉంటుంది కానీ దీనికి నాకు బాగా నచ్చిన ఆధారం ఉంది. సుజాన్ షూ, అయెలెట్ గ్నీజీ అని ఇద్దరు పరిశోధకులు 2010లో రాశారు. కొంతమందికి గిఫ్ట్ వోచర్లిచ్చారు, కొందరికి మూడు వారాల గడువు, కొందరికి రెండు నెలల గడువు. అడిగితే రెండు నెలలున్నవాళ్లే ఎక్కువ ధీమాగా ఉన్నారు, 68 శాతం మంది తప్పకుండా వాడతాం అన్నారు, మూడు వారాలవాళ్లు సగంమందే అన్నారు. తీరా చూస్తే మూడు వారాల వోచర్ వాడినవాళ్లు 31 శాతం, రెండు నెలలది వాడినవాళ్లు 6 శాతం. వాడితే పోయేదేం లేదు, అంతా లాభమే, అయినా వాడలేదు, ఎందుకంటే టైం ఉంది కదా. అందులోనే ఇంకో ముచ్చట, ఒక ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు అక్కడి చూడాల్సినవి చూడరట, ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయే ముందు మాత్రం పరిగెత్తుకుంటూ తిరిగి చూస్తారట. కష్టమైన పనుల్నే వాయిదా వేస్తాం అనుకుంటాం గానీ ఇష్టమైనవి కూడా అలాగే వేస్తాం, కష్టమైనవాటికి కనీసం అడిగేవాళ్లుంటారు. నీ లోన్ సంగతే చూడు, ప్రతి నెలా ఒక తేదీ ఉంది కాబట్టి ఒక్కసారి కూడా తప్పలేదు. వయొలిన్‌కి తేదీ లేదు, పదిహేనేళ్లయింది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని తర్వాత, తర్వాత అనుకుంటున్నవన్నీ రాయి. ఒక్కొక్కటి పట్టుకుని, నిజంగా లోన్ తీరితేనే ఇది కుదురుతుందా అని అడుగు. కొన్నిటికి అవునని వస్తుంది, ఉద్యోగం మానేసి ఏడాది ఖాళీగా ఉండాలనుంది అనుకో, దానికి నిజంగానే ఆగాలి, దాన్ని నిక్షేపంగా పక్కన పెట్టెయ్, దాని గురించి రోజూ బాధపడక్కర్లేదు. కాదని వచ్చినవాటికి మాత్రం తేదీ వెయ్యి. పెద్దగా వద్దు. వయొలిన్ కొనకు, ముందు నేర్పేవాళ్లు ఎవరున్నారో వచ్చే శనివారంలోపు కనుక్కో, ఒక నెల వాళ్ల దగ్గరే ఉన్నదాని మీద నేర్చుకుంటా అని అడుగు. నెల తర్వాత ఇది నాకు పడదు అనిపించినా మంచిదే, పదిహేనేళ్ల బరువు దిగిపోతుంది. నాకు నీ మీద అనుమానం ఏంటంటే నువ్వు వెంటనే పెద్ద టైం టేబుల్ వేసుకుంటావు, ఆదివారం నుంచి కొత్త జీవితం అని, ఆ టైం టేబుల్ మళ్లీ ఇంకో ఎదురుచూపు అవుతుంది, వద్దు.

అట్టపెట్టెల సంగతి కూడా. ఎలాగూ ఖాళీ చేసేదే అన్నావు, ఆరేళ్లంటే చిన్న పిల్లాడు పుట్టి బడికెళ్లేంత కాలం. ఆ ఇంట్లో నువ్వు నిద్రపోయావు, జ్వరం పడి లేచావు, ఫోన్‌లో ఎవరితోనో గంటలు గంటలు మాట్లాడావు, ఉద్యోగం పర్మనెంట్ అయిందన్న కబురు అక్కడే విన్నావేమో కూడా. అది నీ ఇల్లు, అద్దె కట్టినంత మాత్రాన కాకుండా పోదు. ఒక పెట్టె విప్పు, ఒకటి చాలు. లోపల ఉన్నది పనికొచ్చేదైతే వాడు, ఆరేళ్లుగా దాని అవసరమే రాలేదంటే ఎవరికైనా ఇచ్చెయ్. ఒక పటమో ఫొటోనో ఉంటే గోడకి మేకు కొట్టు. ఓనర్‌ని అడిగి కొట్టు మళ్లీ, నా పేరు చెప్పకు.

మధ్యలో ఒక మాట, ఇది సరదాకి కాదు. నీ ఉత్తరంలో అలాంటిది నాకు కనపడలేదు గానీ చదివేవాళ్లలో ఉండొచ్చు. ఎదురుచూపు కాదు, అసలు దేని మీదా ఆసక్తి లేదు, ఇంతకుముందు నచ్చినవి కూడా నచ్చట్లేదు, నిద్రా ఆకలీ పాడయ్యాయి, రెండు వారాలు దాటినా అలాగే ఉందంటే, కాగితాలూ తేదీలూ పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి. అది బద్ధకం కాదు, మీ తప్పూ కాదు. అలాగే ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేసి రిపోర్టుల కోసం చూస్తున్నవాళ్లకీ ఈ జవాబు కాదు. ఆ ఎదురుచూపు వేరు, అందులో ఉన్నవాళ్లని మీరు వయొలిన్ ఎందుకు నేర్చుకోవట్లేదు అని అడగకూడదు.

ఇంక నీ ఆఖరి ప్రశ్న, రెండేళ్లు ఓపిక పడితే అన్నీ సెట్ అవుతాయి కదా అని. లోన్ సెట్ అవుతుంది. మిగతావాటి సంగతి దానికి తెలీదు.

నీ లిస్టులో అన్నిటికంటే నాకు భయం వేసింది మాత్రం నీ ఫ్రెండ్ విషయం. అట్టపెట్టెలు ఇంకో పదేళ్లు అలాగే ఉన్నా ఏమీ అనుకోవు, వయొలిన్ కూడా అనుకోదు. పిలిచేవాళ్లు మాత్రం ఒకరోజు పిలవడం మానేస్తారు, కోపంతో కూడా కాదు, ఊరికే, అలవాటు తప్పి. ఆవిడ ఇంకా పిలుస్తోంది అంటే నీ అదృష్టం ఇంకా ఉంది. కాగితం, పెన్ను, తేదీలు అవన్నీ రేపు చూసుకుందువు గానీ ముందు ఇవాళ ఆవిడకి ఫోన్ చెయ్. కాస్త ఫ్రీ అయ్యాక అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు. ఈ ఆదివారం నాలుగింటికి వస్తా, ఇంట్లో ఉంటావా అని అడుగు. కుదరదంటే వచ్చే ఆదివారం అడుగు.